నాలుగో పేరు

రాసుకో చిన్నీ. నేను చెప్పినట్లే రాయి, నీ బడి తెలుగులోకి మార్చొద్దు.

రెండువేల సంవత్సరం అటూ ఇటూగా నాకు కడప నుంచి కర్నూలుకు బదిలీ అయ్యె. వ్యవసాయ పరిశోధన కేంద్రం లైబ్రరీలో డాక్యుమెంటేషన్ అసిస్టెంటు. పేరు పెద్దదే గానీ హోదా లైబ్రేరియన్ కింద.

పని ఏందంటే, మా సార్లు రాసిన ప్రతి పేపరూ చదివి పదైదు లైన్లలో సారం రాయాల. అది ఏ విషయమో చెప్పే పదాలు ఒక లావు పుస్తకంలో ఉంటాయి, వాటిల్లోంచే ఏరాల, సొంత మాటలు పనికిరావు. అంతా ఫారంలో నింపి, ఫ్లాపీలో ఎక్కించి ఢిల్లీకి పంపితే, ఆడ నుంచి అన్ని దేశాలోళ్లు చూసే సూచికలోకి పోతాది. యాడ ఎవరు జొన్న గురించి వెతికినా మన పేపరు కనపడాల.

మా కేంద్రంలో దావీదని ఫీల్డ్ అసిస్టెంటు ఉండె. నల్లరేగడిలో జొన్న వేసినాక వాన రాకుంటే నేల నెర్రెలిస్తాది, లోపలున్న తడి పదును ఆ నెర్రెల్లోంచే ఎగిరిపోతాది. నెర్రె ఎంత వెడల్పు కాకముందే ఎద్దులతో గుంటక తోలి పైమన్నుతో దాన్ని పూడ్చాల, ఎన్నిసార్లు తోలాల అని ఆయప్ప ఏండ్ల తరబడి పుల్ల పెట్టి కొలిచి నోటుబుక్కుల్లో రాసుకున్యాడు. పేపరు తయారైనప్పుడు పేర్లు ఆఫీసు మర్యాద ప్రకారం పడె. ముందు పెద్దసారు, తర్వాత ఇంకో ఇద్దరు సార్లు, నాలుగోది దావీదు. ఆ సార్లలో ఒకాయన చేని గట్టు కూడా తొక్కినోడు కాదు.

మా ఫారంలో ముగ్గురి వరకే పేర్లు రాయాల. నలుగురైతే మొదటి పేరు రాసి 'ఇతరులు' అనాల. నేను అట్లే చేసినా. కొలతలు దావీదువని సారంలో ఒక ముక్క రాసిండచ్చు, దానికి ఏ నియమమూ అడ్డం లేదు. రాయలే.

ఆయప్ప నెలకోసారి వస్తాండె. "ఏమక్కా, మన జొన్న విమానం ఎక్కిందా?"

"ఎక్కిందిలేప్పా, నువ్వూ సంచి సర్దుకో."

"ఎవరన్నా అడిగితే చెప్పక్కా, బుక్కులన్నీ భద్రంగా ఉండాయి."

అడిగినారు. సూడాను నుంచి పెద్దసారు పేరుకు, మా లైబ్రరీ చిరునామాతో జాబు వచ్చె. వాళ్లదీ నల్లనేలే, జొన్నే. నెర్రె ఎంత వెడల్పున్నప్పుడు తోలాలో సారంలో లేదు, ఈ పంటకాలం దాటకముందే చెప్పండని అడిగినారు. సారుకు పంపితే, మూలన "ఫైలు చేయండి" అని రాసి వెనక్కి పంపె. నేనే పోయి, దావీదుకిస్తే జవాబు చెప్తాడు సార్ అంటి.

"ఫీల్డ్ అసిస్టెంటు చేత విదేశాలకు జాబు రాపిస్తావా తల్లీ? రేపు నా కుర్చీలో కూడా కూర్చోబెడతావా?" అనె.

తిరిగొచ్చి జాబు ఫైల్లో గుచ్చినా. ఆ నెల దావీదు వచ్చి, ఎవరన్నా అడిగినారా అక్కా అనె. ఎవరూ అడగలేదప్పా అంటి. ఫైలు నా మోచేతి కిందే ఉండె.

ఏడాదికి రెండో జాబు వచ్చె. జవాబు రానందుకు తమకు తోచినట్లు తోలినారంట, ఆలస్యమై చేను ఎండిపాయెనంట. ఈ పని తెలిసిన మనిషి ఇంకెవరన్నా ఉంటే పేరు చెప్పమన్నారు. ఈసారి సారు దగ్గరికి పోలే. రెండు జాబులూ ఎత్తుకొని చేనికి పోయి, దావీదుకు తెలుగులో చదివి చెప్పినా.

ఆయప్ప వంగి ఒక నెర్రెలో బొటనవేలు పెట్టి చూసె. "పోయినేడే అడిగింటిరి గదక్కా. జవాబు ఎంత, ఒక్క మాట. బొటనవేలు దూరకముందే తోలమని."

ఆ మాట, ఆయన కొలతలు టైపు చేసి, ఆయన పేరుతోనే పంపినా. సూడాను నుంచి మళ్లీ జాబు రాలే. దావీదు కూడా మళ్లీ లైబ్రరీకి రాలే.

రిటైరయ్యేదాకా ఆ పనే చేసినా. తెలిసింది ఇంతే. సూచిక ఉండేది పేపరు ఎవరిదని చాటడానికి కాదు, అడగాల్సిన మనిషిని చూపించడానికి. నేను నింపిన ఫారం జవాబు తెలియని మనిషిని చూపించె. దాంట్లో నియమం తప్పింది ఒక్కటీ లేదు.