పడవ ఉన్న మూల

మొన్న ఇంటికి రంగులు వేయిస్తుంటే టర్పెంటైన్ వాసన గుప్పుమంది. ఖాసిం సారు పక్కన నిలబడినట్టే అయింది నాకు. పందొమ్మిది వందల యాభైల చివర్లో, కదిరి వైపు ఒక హైస్కూల్లో ఆయన డ్రాయింగు మాస్టరు. నేను కొత్తగా చేరిన చరిత్ర మాస్టర్ని, నోటి దురుసు బాగా ఉన్నవాణ్ణి. భార్య పోయాక సారు ఒక్కరే ఉండేవారు. బడి వదిలాక ఇంట్లో ఎదురుచూసే మనిషి లేదు కనుక, హాల్లో దొరల కాలం నుంచి వేలాడుతున్న పెద్ద పటం ముందు నిలబడేవారు.

ఇంగ్లీషు యుద్ధనౌకలు మన దేశపు రేవు ముందు లంగరు వేసిన బొమ్మ అది. ఎవరో దొర నూరేళ్ల కిందట వేసిన చిత్రానికి అచ్చు. తెరచాపలు, ఫిరంగులు, పొగ. వరసగా మూడేళ్లు వాన లేని ఊళ్లో గోడ నిండా సముద్రం! బానిసబుద్ధి ఇంకా పోలేదా సార్ అని ఒకరోజు ఎత్తిపొడిచాను. ఆయన కోప్పడలేదు. బెత్తంతో కింది మూల చూపించారు. దొరను ఒడ్డుకు చేరుస్తున్న చిన్న పడవ, తెడ్లు వేస్తున్న నలుగురు నల్లటి మనుషులు.

"దొర కోటుకు గుండీలు గూడా గీసినాడు చూడప్పా. ఈ నలుగురికీ మొగాలే లేవు. వీళ్లు తెడ్డెయ్యకుంటే దొర ఒడ్డుకే రాలేడు, ఇంక రాజ్యం యాడిది?"

తర్వాత మెల్లగా ఇంకో సంగతి చెప్పారు. ఆయన పాలు తాగే పిల్లవాడిగా ఉన్నప్పుడు కరువొచ్చి, నాయన మద్రాసు పోయి ఓడలో కూలికి చేరాడట. మళ్లీ రాలేదు, సముద్రంలోనే పోయాడన్నారట. ఇంట్లో ఫోటో లేదు. పడవలో ఉన్నది నాయన కాదని ఆయనకూ తెలుసు. చూసుకోవడానికి ఇంకేమీ లేదన్నారు.

మరుసటేడు దొరల పటాలు దించెయ్యమని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. బడి సామాన్ల రిజిస్టరు నా చేతిలో ఉండేది. ఆ మూల జానెడు కాగితం కత్తిరించి ఇమ్మని సారు అడిగారు. ప్రభుత్వ ఆస్తి, కుదరదన్నాను. కొత్త ఉద్యోగం, రూలంటే మహా మోజు. ఆయన మళ్లీ అడగలేదు. పటాన్ని కట్టెల గదిలో నేలమీద పెట్టించాను.

రెండేళ్లకు సారు రిటైరవుతున్నారని తెలిసి, మనసు పీకి, నేనే కత్తెర పట్టుకుని వెళ్లాను. పటం పైభాగం బాగానే ఉంది. కింది మూలంతా చెదలు తినేసి మట్టి పేరుకుంది. సారు దగ్గరికి వెళ్లి ఉన్నమాట చెప్పాను.

"పోనీలేప్పా. నీళ్లల్లో పోయినోనికి ఈడ పిడికెడు మన్నయినా దొరికింది."

నన్ను ఓదార్చడానికే అన్నారు ఆ మాట. అడిగిన జానెడు కాగితం ఇవ్వని వాణ్ణి ఓదార్చి పోయారు. నాకు ఆయన వయసు దాటింది, ఆ సిగ్గు మాత్రం తీరలేదు.