అలివి తాడు మీద అమ్మ చెయ్యి

ఫుజైరా సముద్రాన్ని ఒకసారి నేనొక్కణ్ణే ఒడ్డుకు లాగాను. నమ్మరా? సరే, సముద్రాన్ని కాదు, అందులో వేసిన వలని. ఒక్కణ్ణే కూడా కాదు, ముందూ వెనకా పాతికమంది ఉన్నారు. కానీ లాగిన మాట నిజం.

అప్పుడు నాకు పదహారేళ్ళు. డెబ్బైల చివర. అమ్మ ఆ గల్ఫ్ ఊరి ఆసుపత్రిలో నర్సు, భీమవరం వైపు నుంచి వచ్చింది. నాన్న కొండల్లో రాళ్ళ క్వారీలో స్టోర్‌కీపరు. చిన్నప్పుడు కీళ్ళనొప్పులతో వచ్చిన జ్వరమొకటి పోతూ పోతూ నా గుండెలో ఒక కవాటాన్ని పాడుచేసి పోయింది. తలుపు సరిగా మూసుకోదు, కాస్త రక్తం వెనక్కి కారుతుంది. నెలకో పెన్సిలిన్ సూది. పొడిచేదీ అమ్మే, ఏడిస్తే తిట్టేదీ అమ్మే. బళ్ళో మాత్రం నా గుండెలో బొంబాయి నుంచి తెప్పించిన స్ప్రింగు ఉందని చెప్పాను. నా ఛాతీకి చెవి ఆనించి వినడానికి పిల్లలు వరసకట్టారు. ఇద్దరికి వినిపించింది కూడా!

మా క్వార్టర్సులో ఇంటికో నర్సు. మామూలు ఊళ్ళో ఆంటీలు ఎదురైతే అన్నం తిన్నావా అంటారు. మా ఆంటీలు నా మణికట్టు పట్టుకుని, యూనిఫాంకి తగిలించుకున్న గడియారం వైపు చూసేవారు. నేను మెట్లు రెండేసి దిగితే చాలు, ఆ కబురు నాకంటే ముందు డ్యూటీలో ఉన్న అమ్మకి చేరేది.

శుక్రవారం సాయంత్రాలు అక్కడి జాలర్లు మన గోదావరి వాళ్ళలాగే అలివి వల వేసేవారు. పడవ వలను సముద్రంలో అర్ధచంద్రంలా తిప్పి వస్తుంది. రెండు కొసల తాళ్ళూ పట్టుకుని ఒడ్డునున్న వాళ్ళు లాగాలి. తాడు మీద చెయ్యి వేసిన ప్రతివాడికీ చేపల్లో వంతు. ఏ దేశంవాడివని ఎవరూ అడగరు. క్వార్టర్స్ కుర్రాళ్ళు తలా ఒక సంచీతో ఇంటికి పోయేవారు. నేను వాళ్ళ చెప్పులకి కాపలా. చెప్పులకి వంతు లేదు.

నా వంతు చేపలు నేను ఇంటికి తెచ్చుకోవాలి. ఆ వయసులో నాకు అంతకు మించిన కోరిక లేదు.

మా డాక్టరుగారు హైదరాబాదాయన. నెల పరీక్షకి వెళ్ళినప్పుడు అమ్మ ఎదురుగానే అడిగేశాను. "లాగనీండి సిస్టర్, ఆయాసమొస్తే కూచుంటాడు," అన్నారాయన.

"మీకు తెలీదు సార్. ఆయాసమొచ్చినా రాలేదంటాడు. వీడి నోట నిజం ఎప్పుడొచ్చింది గనక?"

"ఆప్ అమ్మీ హై యా జైలర్?" మీరు తల్లా, జైలరా అని ఆయన నవ్వారు. అమ్మ నవ్వలేదు. గుండె సంగతి ఎలా ఉన్నా, అమ్మకు నా నోరంటేనే భయమని నాకప్పుడు అర్థమైంది.

అర్థమై బుద్ధి తెచ్చుకున్నానా? ఆ శుక్రవారం అమ్మ డ్యూటీలో ఉందని చూసుకుని, వెళ్ళి తాడు పట్టాను. తడి తాడు, అరచేతులు మండాయి. మహా బాగుంది. పక్కింటి ఆంటీ కిటికీలోంచి చూడనే చూసింది. కాసేపటికి తెల్ల యూనిఫాంలో, బూట్లనిండా ఇసుకతో అమ్మ.

"ఒరేయ్! వదలరా తాడు!"

"నేనొదిలితే వెనకాయన పడిపోతాడే!"

అమ్మ నాడి చూద్దామని నా మణికట్టు పట్టుకుంది. తాడు కదులుతోంది, నేను వెనక్కి నడుస్తున్నాను, అమ్మా నాతోపాటు వెనక్కి నడుస్తోంది.

"ఆగరా, లెక్క తప్పిపోతోంది!"

"నేనాగితే వల ఆగుద్దా అమ్మా?"

ఇసుకలో అమ్మ కాలు జారి, పడకుండా రెండో చేత్తో తాడు పట్టుకుంది. వల యజమాని, గడ్డం నెరిసిన పెద్దాయన, అది చూసి, "యల్లా సిస్టర్! జోర్ సే!" అని, ఇంకా గట్టిగా లాగమని కేకేశాడు. అంతా గొల్లుమన్నారు.

అమ్మ మాత్రం నన్నే చూస్తోంది. "నిజం చెప్పు. ఆయాసమొస్తోందా?"

లేదు అందామని నోరు తెరిచాను. అప్పటికే నాలుక మీద తయారుగా ఉందది. కానీ అమ్మ మొహంలో కోపం లేదు, ఒట్టి బెదురు.

"వస్తోందమ్మా. కొంచెం."

"అయితే కూచో."

పక్కకొచ్చి ఇసుకలో కూలబడ్డాను. అమ్మ తాడు వదల్లేదు! నా చోటు ఖాళీ కాకూడదన్నట్టు అక్కడే నిలబడి, పళ్ళు బిగించి లాగింది. ఊపిరి కుదురుకున్నాక లేచి నిలబడ్డాను. "ఇప్పుడు లేదమ్మా," అన్నాను. అమ్మ ఓ క్షణం చూసి, కాస్త జరిగి నాకు చోటిచ్చింది.

ఆ రోజు వలలో రెండు సొరచేపలు పడ్డాయి. సరే, పడలేదు. అన్నీ చిన్న కవళ్ళ చేపలే, వెండి రేకుల్లా ఎగురుతున్నాయి. పెద్దాయన నాకో వంతు పోసి, అమ్మ ముందు ఇంకో వంతు పోశాడు.

"నాకెందుకయ్యా?" అంది అమ్మ.

"రస్సీ పకడా, మఛ్లీ లేలో. ఖలాస్!" తాడు పట్టావు, చేపలు తీసుకో, అంతే అని ఆయన తీర్పు.

మా ఇద్దరి దగ్గరా సంచీ లేదు. అమ్మ తన తెల్ల ఏప్రాన్ విప్పి అందులో మూటకట్టింది. మెట్ల దగ్గర పక్కింటి ఆంటీ నడుం మీద చేతులేసుకుని నిలబడి ఉంది.

"ఏంటక్కా, వాణ్ణి లాగనిచ్చావా?"

"ఆయాసమొస్తే వాడే చెప్పాడులేవే," అంది అమ్మ, మూట నా చేతికిస్తూ. "వచ్చే శుక్రవారం నేను పొద్దుటి డ్యూటీ వేయించుకుంటాను. సాయంత్రం తాడు పట్టడానికి నువ్వూ రావే. సంచీ మర్చిపోకు."