చడావు మీద రాజక్క

మొన్న పొద్దున కోడలు కూరగాయల సంచీ తెచ్చి వంటింటి గడప దగ్గర దించింది. కొత్తిమీర కట్టకున్న నార విప్పగానే, తడిమట్టితో కలిసిన ఆ వాసన గదంతా పరుచుకుంది. వేళ్లకంటిన మట్టి ఇంకా ఆరలేదు. "తాజాగున్నది గదా అత్తమ్మా" అన్నది కోడలు. తల ఊపాను. ఆ వాసన తగిలితే నాకు లోపలెక్కడో చిన్నగా మండుతుంది. ఇన్నేళ్లయినా ఆ మంట చల్లారలేదు. దాన్ని అసూయ అనడానికి ఒకప్పుడు సిగ్గుపడేదాన్ని. ఇప్పుడు ఈ వయసులో సిగ్గెందుకు. అసూయే. అది రాజక్క మీద.

నేను సిరిసిల్ల నుంచి పెళ్లయి అమీర్‌పేటకు వచ్చేనాటికి పెద్ద యుద్ధం ఇంకా మొదలు కాలేదు. మా ఆయన మగ్గం వదిలేసి, పంజాగుట్టలో ఒక దర్జీ దుకాణంలో షేర్వాణీలు కుట్టే పనికి కుదిరాడు. అప్పటి అమీర్‌పేట అంటే తోటలు, నవాబుల దేవిడీల ఎత్తైన గోడలు, ఆ గోడల వెనక మావంటి వాళ్ల పెంకుటిళ్లు. వాడకంతటికీ ఒకటే కిరాణా దుకాణం. సేటు చెప్పిందే ధర, పోసిందే కొలత. సరుకు చవకగా దొరికే బేగంబజారు, మోండా రెండూ దూరమే. టాంగా ఎక్కితే అక్కడ మిగిలేది ఇక్కడ టాంగావాడి చేతిలో పోయాల్సిందే. మోటారు కార్లు దేవిడీల వాళ్లకుండేవి. అవి పోతుంటే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని పక్కకు తప్పుకోవడమే వాటితో మాకున్న సంబంధం. ఏది తేవాలన్నా కాళ్లు, నెత్తిమీద బుట్ట.

రాజక్కది మా పక్క గది. ఆమె పెనిమిటి ఒక దేవిడీలో తోటమాలి. ఇంటినిండా పిల్లలు. మాకంటే లేనివాళ్లు. అయినా పొద్దున పొయ్యి రాజేస్తే ఆ ఇంట్లోంచి వచ్చే వాసనలు వేరు. లేత వంకాయ వేగుతున్న వాసన, మెంతికూర పప్పులో ఉడుకుతున్న వాసన గోడ దాటి వచ్చి మా ఇంట్లో కూర్చునేవి. మా అత్త పీట మీద కూర్చుని గాలి పీల్చి, "గా రాజవ్వ ఏడికెల్లి తెస్తదో గని, దినాం పచ్చికూరనే. మనింట్ల జూడు, ఎప్పుడు గా పచ్చిపులుసే" అనేది. నా మొహం చూసి అనేది కాదు, పొయ్యివైపు చూసి అనేది. అదే ఎక్కువ గుచ్చుకునేది. మా ఆయన సైతం ఒకసారి అన్నం కలుపుకుంటూ, "రాజక్కను అడగరాదు, ఏడ కొంటదో" అన్నాడు. ప్రాణం పోయినా అడగకూడదనుకున్నాను.

అడగలేదు. వెనక నడిచాను. తెల్లవారుజామున రాజక్క ఖాళీ బుట్ట, మంచినీళ్ల కుండ పట్టుకుని పంజాగుట్ట వైపు పోవడం కిటికీలోంచి చూసేదాన్ని. ఒకరోజు నేనూ బుట్ట తీసుకుని, దూరం ఉంచుకుంటూ బయలుదేరాను. పంజాగుట్ట దగ్గర రోడ్డు ఒక్కసారిగా పైకి లేచేది. ఆ ఎత్తును అందరూ చడావు అనేవాళ్లు. కూకట్‌పల్లి వైపు నుంచి పట్నం బజార్లకు కూరగాయలు తెచ్చే ఎడ్లబండ్లు ఆ చడావు ఎక్కేముందు తప్పకుండా ఆగేవి. ఎడ్లు ఊపిరి తీసుకోవాలి కదా. బండ్లవాళ్లు దిగి ఒళ్లు విరుచుకునే ఆ కాస్త సేపట్లో రాజక్క నీళ్ల కుండతో అక్కడ ఉండేది. వాళ్లు తాగుతుంటే ఆమె గంపల్లో చెయ్యి పెట్టేది. బజారులో దళారి తీసుకునేది పోను వాళ్లకు ఎంత మిగులుతుందో అంతకే ఆమెకు ఇచ్చేవాళ్లు. "రాజక్కా, ఇయ్యాల బెండకాయ మస్తు లేతగున్నది, జూడు" అని మల్లయ్య అనే ముసలి బండివాడు తనే పిలిచి చూపిస్తున్నాడు. నేను ఒక బండరాయి చాటున నిలబడి అంతా చూశాను. నా పేరు అమీర్‌పేటలో మా ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. ఆమె పేరు రోడ్డు మీద పోయే బండ్లన్నిటికీ తెలుసు.

తిరుగుదారిలో ఆమె వెనక్కు చూడకుండానే నడక ఆపింది. "ఎనకెనక ఎందుకొస్తున్నవ్ సత్తెమ్మా. పక్కన నడువరాదు" అన్నది. ఎగతాళి లేదు, కోపమూ లేదు. తన బుట్టలోంచి ఇన్ని వంకాయలు, ఒక కొత్తిమీర కట్ట తీసి నా బుట్టలో వేసింది. దొంగిలించి తెచ్చుకుందామనుకున్నదాన్ని తనే తీసి చేతిలో పెడితే ఎలా ఉంటుంది. ఆ రోజు మా అత్త కూర మెచ్చుకున్నది. మెచ్చుకుంటూ, "రాజవ్వ ఇచ్చిందా" అని అడిగింది.

ఆ తర్వాత ఇద్దరం కలిసే పోయేవాళ్లం. రెండిండ్లకు కలిపి గంపెడు కొంటే ధర దిగుతుందని నాకు చూపించింది ఆమే. "ఆకుకూర కట్టను పైకెల్లి జూసి కొనకు. కట్టిన కాడ ఏలు పెట్టు. ఎచ్చగ తగిలితే లోపల మురుగుతున్నట్టు" అనేది. "ధర సస్తగ ఉన్నదని కొనకు సత్తెమ్మా. ఇంట్ల తినకపోతే అది సస్త కాదు" అనేది. అవన్నీ నేర్చుకున్నాను. నేర్చుకుంటున్న కొద్దీ మంట పెరిగిందే గాని తగ్గలేదు. బండ్లవాళ్లు ఆమెతోనే మాట్లాడేవాళ్లు. నేను ఆమె బుట్ట పక్కన ఇంకో బుట్టను, అంతే. ఒకసారి ఆమె కంటే ముందే బేరం చేయాలని ఒక్కదాన్నే ఎర్రగడ్డ దాకా నడిచి, మల్లయ్య బండికి చెయ్యి అడ్డం పెట్టాను. "గీడ ఆపితే ఎడ్లు మల్ల కదలవు బిడ్డా. చడావు కాడికి రా. రాజక్క నీళ్లు తెస్తది" అన్నాడు. అంతదూరం పోయినా అక్కడ కూడా ఆమె పేరే. బండి వెనకే కాళ్లీడ్చుకుంటూ చడావు దాకా వచ్చాను. రాజక్క నన్ను చూసి ముందు నాకే లోటా నిండా నీళ్లిచ్చింది. "ఎర్రగడ్డ దాంక పోయినవా. జర చెప్తే నేను సుత వస్తుంటి గదా" అన్నది.

యుద్ధం ముదిరాక సేటు దుకాణంలో బియ్యం కనబడడం మానేసింది. ధాన్యం కొలిచిచ్చే సర్కారు గల్లా దుకాణం ముందు జనం బారులు తీరేవాళ్లు. మా వంతు వచ్చేసరికి తలుపు మూసేవాళ్లు. నాకు నెలలు నిండిన రోజులవి. రాజక్క మల్లయ్య దగ్గర జొన్నల బస్తా తీసుకుని, రెండిండ్లకూ పంచింది. బిడ్డ పుట్టాక నేను మంచం మీద ఉంటే, పాలు పడాలని దినాం ఏదో ఒక ఆకుకూర తెచ్చి వండి పెట్టింది. ఒకనాడు నేను నిద్రపోయాననుకుని మా అత్త ఆమెతో, "నువ్వు నా కోడలివైతే మంచిగుండేది రాజవ్వా" అన్నది. రాజక్క నవ్వి, "అట్లయితే నీకు ఈ మనమరాలు ఏడిది అత్తా" అన్నది. నేను గోడ వైపు తిరిగి కళ్లు గట్టిగా మూసుకున్నాను. ఆమె పెట్టిన తిండితోనే నా బిడ్డ పాలు తాగుతోంది. ఆమె మీద కోపం తెచ్చుకునే దారి కూడా నాకు మిగల్లేదు.

అదే రోజుల్లో మా వరుసలో చివరి గదిలోకి బెజవాడ నుంచి ఒక గుమాస్తా, అతని భార్య కామాక్షి వచ్చారు. మంచం మీద పడుకుని వింటుంటే, పొద్దున గోడ అవతల రెండు జతల అడుగులు వినిపించడం మొదలైంది. "ఏంటండీ అక్కయ్యగారూ, ఈ సొరకాయ ముదిరిందా లేతదా ఎలా చెప్పడం" అని ఆ పిల్ల అడగడం, రాజక్క నవ్వుతూ చెప్పడం. అప్పటిదాకా రాజక్కను చూస్తే మండేది. ఇప్పుడు రాజక్క పక్కన ఇంకొకరుంటే మండుతోంది. రెండోదే ఎక్కువ బాధ పెట్టింది.

లేచి తిరగగలిగిన తర్వాత మొదటిరోజు చడావుకు పోయినప్పుడు రాజక్క కామాక్షి పక్కన నడిచింది. నేను రెండడుగులు వెనక. కామాక్షి నీళ్లు తోడుకుని రావడానికి బావి వైపు పోయినప్పుడు ఆపుకోలేక అడిగేశాను. "గామె వచ్చినంక నేను యాదికి లేనా అక్కా" అని.

రాజక్క బుట్ట దించి నా మొహంలోకి చూసింది. "నీకు తొవ్వ తెల్సు. ఆమెకు తెల్వది" అన్నది. దించిన బుట్ట మళ్లీ ఎత్తుకుంటూ, "నాకు సుత నీ మీద కండ్లమంట ఉండె సత్తెమ్మా. నీ పెనిమిటి పొద్దుగూకంగనె ఇంటికొస్తడు. మావోడు దేవిడీ తోటల్నే పండుకుంటడు. గోడ ఇవతల కూసోని మీ ఇద్దరి ముచ్చట్లు ఇనేదాన్ని" అన్నది. అంత తేలిగ్గా చెప్పింది. ఆమె దగ్గర లేనిది నా దగ్గర ఒకటుందని అప్పటిదాకా నేను ఎన్నడూ అనుకోలేదు.

యుద్ధం అయిపోయాక ఆ దేవిడీ తోట అమ్ముడుపోయింది. రాజక్క కుటుంబం మియాపూర్‌లో మరిది పొలానికి వెళ్లిపోయింది. సామాను మల్లయ్య బండి మీదే పోయింది. బండి కదిలేముందు ఆమె మల్లయ్యతో, "ఇగ ఈ ఇద్దరిని అర్సుకో అన్నా" అన్నది. ఇద్దరిని అన్నది. నా ఒక్కదాన్ని కాదు. తర్వాత కొన్నాళ్లకు చడావు దగ్గర నన్ను కూడా "సత్తెక్కా" అని పిలవడం మొదలుపెట్టారు. ఎన్నేళ్లు కోరుకున్నానో ఆ పిలుపు. విన్నప్పుడు మాత్రం పక్కకు తిరిగి ఆమె కోసం చూశాను.

కొన్నేళ్లకు ఒక ఎండాకాలం పొద్దున మల్లయ్యే కబురు చెప్పాడు. జ్వరం వచ్చి రాజక్క పోయిందని. బజారు నుంచి తిరిగొచ్చే ఖాళీ బండి మీద కామాక్షీ నేనూ మియాపూర్ వెళ్లాం. వాకిలి నిండా ఆడవాళ్లు. ఒకామె, "నన్ను సొంత చెల్లె లెక్క జూసుకున్నది" అని ఏడుస్తోంది. ఇంకొకామె, "నాకు బేరం జేసుడు నేర్పింది ఆమెనే" అంటోంది. ఆ శవం ముందు నిలబడి కూడా నాకు మండింది. మీ అందరికంటే ముందు నేను, అని చెప్పాలనిపించింది. అప్పుడు తల నెరిసిన ఒకామె కన్నీళ్లు తుడుచుకుంటూ, "మేము ఖైరతాబాద్‌ల ఉన్నప్పుడు, ఆమె అమీర్‌పేటకు పోకముందు, నన్ను దినాం ఎంట తోల్కపోయేది" అన్నది. కామాక్షి నా చెయ్యి పట్టుకుంది. ఆ పట్టులోనే తెలిసింది, ఆమెకూ మండుతోందని.

ఈ సంగతులు ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. గంపెడు కొని పంచుకోవడం నాకు నేర్పింది రాజక్కే. ఆమెను మాత్రం నేను ఎవరితోనూ పంచుకోలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నాను కాబట్టి నలుగురూ చదువుతారు. చదివి ఎవరైనా, మా వాడలోనూ అచ్చం ఇలాంటి రాజక్క ఉండేదండీ అంటే, అవునా అని మర్యాదగా వింటాను. మనసులో మాత్రం ఒప్పుకోను. రాజక్క మా పక్కింట్లోనే ఉండేది.