ఆ పిల్ల వాటా

క్రిటికల్ కేర్ నర్సింగ్ పరీక్షకి చదివిన ఆ ఏడాదంతా విజయనగరంలో అద్దెగదిలో ఒక్కదాన్నే ఉన్నాను. ఆసుపత్రిలో ఐసీయూ డ్యూటీ, గదికొస్తే పుస్తకం. స్పృహలేని రోగికైనా ముందు చెప్పాకే చెయ్యి వెయ్యాలని అందులో రాసి ఉంది. అది నాకొకరు నేర్పక్కర్లేదు. "పెదనాన్నా, పక్కకి తిప్పుతన్నాను" అని వెంటిలేటర్ మీదున్న వాళ్లకి రోజూ చెప్పేదాన్నే. వాళ్లు బదులివ్వరు. మేమూ బదులు కోసం ఆగం.

ఒక మధ్యాహ్నం కళింగపట్నం నుంచి అమ్మ ఫోన్ చేసింది. మాట్లాడుతూనే లేచి, "కిటికీ తీస్తన్నాను, మొకం మీద ఎండ పడతాది" అన్నాను.

"ఎవులికే సెప్తన్నావు?" అంది అమ్మ.

ఖాళీ గదికి ఎప్పట్నుంచి చెబుతున్నానో నాకే తెలీదు. సిగ్గూ కోపమూ ఒక్కసారే వచ్చాయి.

"నాతో సదివే పిల్లమ్మా. ఇక్కడే ఉంటన్నాది."

"పోన్లే, తోడున్నాది. నువ్వొక్కదానివే ఉన్నావని నాకు కూడు సయించట్లేదే."

ఆ వారం బస్సులో రెండు ఎండుచేపల పొట్లాలు వచ్చాయి. పెద్దది ఆ పిల్లకట. రెండూ నేనే వండుకుని తిన్నాను.