భీమిలి వెన్నెల్లో నా పండుగప్ప

భీమిలి ఒడ్డున పున్నమి రాత్రి నా గాలానికి పడ్డ పండుగప్పకి ఇంజనీరు గారి పేరు మీద సర్టిఫికెట్ ఇచ్చారు. ముందు ఈ సంగతి తెలుసుకుని, తర్వాత మిగతాది చదవండి.

స్టీల్ ప్లాంటు కడుతున్న రోజులవి. మా గోపాలపట్నంలో ఒక క్లబ్బు వారు వెన్నెల్లో గాలాల పోటీ అని కాగితాలు పంచారు. అన్నిటికన్నా పెద్ద చేప పట్టినవారికి అద్దం కట్టించిన సర్టిఫికెట్టట. నేను మూడో తరగతితో బడి మానేసినవాణ్ణి. నా చదువంతా పకోడీ పొట్లాలు విప్పి నేర్చుకున్నదే. అరవై నాలుగేళ్ళొచ్చినా నా పేరున్న సర్టిఫికెట్ ఇంట్లో ఒక్కటీ లేదు. అందుకని గోడకి మేకు ముందే కొట్టి మరీ బయల్దేరాను.

క్లబ్బు వ్యానులో ఆఫీసర్లకే చోటు. నేను మూడింటికి సిటీ బస్సెక్కి, ఊళ్ళో మారి, నాలుగున్నరకి భీమిలి బస్సు పట్టుకున్నాను. వెళ్ళేవాళ్ళు కుడివైపు కూర్చోండి, ఎండ తగలదు. పక్కన చేపలమ్మే ఆవిడ, ఖాళీ గంప ఒళ్ళో పెట్టుకుని నా వెదురు కర్ర వంక చూసింది.

"ఏటి తాతా, ఎన్నెల్లో యాటకెల్తన్నావా? నీ నీడ సూసి సేపలు పారిపోవూ?"

"చంద్రుడు ఎదర ఉంటే నీడ వెనక్కి పడుతుందమ్మా."

"అర్దరేతిరి దాటితే సెంద్రుడు నీ యెనక్కొచ్చేత్తాడు. అప్పుడేటి సేత్తావ్?"

"పడుకుంటాను."

బస్సంతా నవ్వింది. నేను నవ్వుకి అనలేదు.

ఆరింటికి దిగి, ఇడ్లీ తిని, ఏడింటికి ఒడ్డు చేరాను. వెన్నెల కోసం వచ్చిన పెద్దమనుషులు పెట్రోమాక్సులు వెలిగించి కూర్చున్నారు. ట్రాన్సిస్టర్ మోగుతోంది. గాలం వేసేవాడికి నిశ్శబ్దం ముఖ్యమని సెక్రటరీ గారు మైకులో ముప్పావు గంట చెప్పారు.

నా పక్క చోటు కృష్ణా జిల్లా నుంచి స్టీల్ ప్లాంటుకొచ్చిన ఇంజనీరు గారిది. మంచి మనిషే. చేతిలో ఫారిన్ గాలం. "తాతగారూ, రొయ్యని తల వైపు గుచ్చాలా, తోక వైపా?" అని మర్యాదగా అడిగారు. చెప్పాను.

పన్నెండు దాటాక చంద్రుడు కొండవైపు వాలాడు. నిలబడ్డ ముప్ఫై మంది నీడలూ నీళ్ళ మీద కరెంటు స్తంభాల్లా పడ్డాయి. నేను తడి ఇసకలో బోర్లా పడుకుని, దారం వేలికి చుట్టుకున్నాను.

"తాతకి నిద్రొచ్చేసింది, దుప్పటి కప్పండ్రా!" అన్నారెవరో.

రెండు దాటాక దారం వేలిని కోసుకుంటూ లాక్కుపోయింది. బలమంతా పెట్టి లాగాను. మోకాళ్ళు లేవనివ్వలేదు. మా ఒడ్డున పద్ధతేమిటంటే, పెద్ద చేప పడితే పక్కవాడు నీళ్ళలోకి దిగి మొప్పల్లో వేళ్ళు పెట్టి ఎత్తుతాడు. దారం ఎవరిదైతే చేప వాడిదే, దానికి అడగడాలుండవు. ఇంజనీరు గారు ప్యాంటు తడుపుకుని మరీ దిగి ఎత్తారు. అప్పుడే క్లబ్బు ఫోటోగ్రాఫరు లైటు వెలిగింది. ఫోటోలో ఇంజనీరు గారు, చేప. నేనింకా ఇసకలోనే ఉన్నాను.

"ఫోటోలో ఎవరుంటే వారిదే," అన్నారు సెక్రటరీ గారు.

"అయ్యో, తాతగారిది కదండీ!" అన్నారు ఇంజనీరు గారు. ఒక్కసారే అన్నారు. సర్టిఫికెట్ మాత్రం రెండు చేతులా అందుకున్నారు. తెల్లవారుజామున అక్కడే వండిన పులుసులో తలకాయ ఆయనకి, తోక ముక్క నాకు.

ఆరింటి బస్సులో మళ్ళీ ఆవిడే, నిండు గంపతో.

"సేపేదీ తాతా?"

"ఫోటోలో ఉందమ్మా."

"మరి నువ్వో?"

"నేను లేను."

ఆవిడ ఈసారి నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని చూసింది. "ఓలమ్మో! ఈ తెగిన యేలు సూపించకపోయావా ఆలకి?"

నిజమే, తోచలేదు. ఆ వేలితోనే క్లబ్బుకి ఉత్తరాలు రాశాను. మొదటి నాలుగు ఉత్తరాలకీ ఉలుకూ పలుకూ లేదు. భీమిలి వెన్నెల బాగుంటుంది, తప్పక వెళ్ళండి. చేప పడితే మాత్రం ముందు కెమెరా ఎటుందో చూసుకుని లాగండి. మా గోడకి మేకు ఇంకా అలాగే ఉంది. అయిదో ఉత్తరానికి జవాబొచ్చింది:

"ఆర్యా, సదరు చేపను పట్టినది తమరేనని కమిటీ విచారించి నిర్ధారించినది. తమ పేరున సర్టిఫికెట్ ఇచ్చుటకు మాకేమియు అభ్యంతరము లేదు. తమ పదవ తరగతి సర్టిఫికెట్ నకలు జతపరచి దరఖాస్తు చేసుకొనవలెను."