స్క్రూ తిప్పి ఆపేసిన చప్పుడు

దెయ్యాల కథలు చెప్పేవాళ్లను కూర్చోబెట్టి ఆటపట్టించే బాపతు నేను. మా తణుకులో చిన్నప్పుడు ఎవరైనా దెయ్యం మాట ఎత్తితే టైమెంత, వెలుతురెంత అని ప్రశ్నలు వేసి చంపేవాణ్ణి. ఇప్పుడూ నమ్మను. కాబట్టి ఇది దెయ్యం కథగా చెప్పడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

నా ఉద్యోగం హైటెక్ సిటీలో. ఇయర్‌ఫోన్లలో బయటి రొదను వడకట్టే చిప్‌ల మీద పని. అక్కర్లేని చప్పుడు ఏదో కనిపెట్టి తీసెయ్యడమే పదకొండేళ్లుగా నేను చేస్తున్నది.

పోయిన వేసవిలో సరదాకి ఇంట్లోనే మెటల్ డిటెక్టర్ ఒకటి తయారు చేశాను. పెద్ద పని కాదు. ప్లాస్టిక్ బకెట్ మూత చుట్టూ రాగి తీగ చుట్టాను, రెండు చిన్న సర్క్యూట్లు కట్టాను. రెండూ ఒకే వేగంతో నడుస్తుంటే ఇయర్‌ఫోన్‌లో నిశ్శబ్దం. తీగ దగ్గరికి లోహం వస్తే ఒకదాని వేగం మారి 'కూ' అని మోత మొదలవుతుంది. రెంటి వేగాలనూ సమానం చెయ్యడానికి ఒక బుల్లి స్క్రూ ఉంటుంది. దాన్ని ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్‌తోనే తిప్పాలి, ఇనుపది పెడితే దానికే మోగి కూర్చుంటుంది.

కొండాపూర్‌లోని మా ఫ్లాట్‌లో వంట చేసే యాదమ్మ రోజూ ఇది చూసేది. అరవై దాటిన మనిషి, ఖాజాగూడ పాత ఊరివాళ్లు. ఒకరోజు గరిటె పట్టుకునే వచ్చి నిలబడింది.

"దీంతోని వెండి గిట్ట గుడ దొరుకుతదా సార్?"

దొరుకుతుందన్నాను. లోపలికి పోయింది. రెండు రోజుల తర్వాత అసలు సంగతి చెప్పింది.

నలభై ఏళ్ల కిందట ఆమె భర్త ఒక ఆసామి మెట్టచేలో, వీళ్ల మాటలో చెల్కలో, జీతానికి ఉండేవాడు. వాళ్ల మూడేళ్ల పిల్ల బాలమణి జ్వరంతో పోయింది. చిన్నపిల్లల్ని కాల్చరు కదా, ఆ చెల్క మూలనే పూడ్చారు. కాళ్ల గజ్జెలు తీసేద్దామని అత్త అంటే యాదమ్మ తియ్యనివ్వలేదట. ఆ నేల ఎన్నో చేతులు మారింది. ఇప్పుడక్కడ టవర్ వస్తోంది, సోమవారం నుంచి పునాదికి తవ్వుతారు. ఈలోపు ఆ చోటు దొరికితే పిల్ల ఎముకలు ఏరుకుని, భర్త సమాధి పక్కన పెట్టుకుంటానంది.

"నా బిడ్డను బొందవెట్టిన జాగ జర ఎతికి పెడ్తవా సార్? మన్ను లారీలల్ల ఏడికి కొడ్తరో ఎవలకెరుక?"

సరేనన్నాను. నా మిషన్ గజ్జెలను జానెడు లోతులో మాత్రమే పట్టగలదు. మా ఆవిడ పట్టీలను పూలకుండీలో పాతి మరీ చూశాను. ఆ మాట యాదమ్మకు చెప్పలేదు. నేల చదును చేసేటప్పుడు పైమట్టి గీకేసి ఉంటారులే, అందుతుందేమో అనుకున్నాను.

సైట్ సూపర్‌వైజర్ మా జిల్లావాడు కావడం కలిసొచ్చింది. ఆదివారం పొద్దున రమ్మన్నాడు. "పన్నెండు దాటితే ఇంజనీరు గారొచ్చేస్తారండి, ఈలోపే చూసుకోండి" అన్నాడు.

సూపర్‌వైజర్ పక్కనే నిలబడి చూస్తుండగా, తొమ్మిదింటికల్లా మేకులు కొట్టి, దారం కట్టి వరసలు గీశాను. సైట్ గోడ బయట మిగిలిన ఒక పెద్ద రాతిగుండును చూసి యాదమ్మ ఆ చోటు అంచనా చెప్పింది. ఇయర్‌ఫోన్ ఒకటి నా చెవిలో, రెండోది ఆమె చెవిలో. మొదటి వరసలో పది అడుగులు వేశామో లేదో, మోకాళ్లు నొస్తున్నాయని ఆమె ఆగింది. నేనూ ఆగాను.

అప్పుడు వినిపించింది. 'కూ' కాదు. తెగి తెగి, చిన్నగా, ఘల్లు ఘల్లుమని. కాసేపు ఆగి, మళ్లీ గబగబా.

నేను మొదట చేసిన పని తీగచుట్టను ఆకాశం వైపు ఎత్తడం. లోహం కింద ఉంటే మోత తగ్గాలి. తగ్గలేదు. పక్కకు తిప్పాను, అదే చప్పుడు. అంటే నేలలోంచి రావడం లేదు. ఎండకు సర్క్యూట్ వేడెక్కింది, అంతే అనుకున్నాను. అక్కడే కూర్చుని స్క్రూడ్రైవర్ తీశాను.

యాదమ్మ నా మణికట్టు పట్టుకుంది. "జర ఉండనియ్యి సార్. గట్లనే నడుస్తుండె నా బిడ్డ. రెండడుగులేసి ఆగుతుండె."

"అది ఎండకు వస్తున్న రొద యాదమ్మా, నీ బిడ్డ కాదు" అన్నాను. టైం అయిపోతోందన్న చిరాకు నాది. ఆ చిరాకుతోనే స్క్రూ తిప్పాను. చప్పుడు పోయింది. ఆమె చెయ్యి తీసేసింది.

పన్నెండు వరకు మిగతా వరసలన్నీ తిరిగాం. సీసా మూతలు, మేకులు, గుట్కా పొట్లాల రేకు దొరికాయి. యాదమ్మ దారిపొడుగునా వెనక్కి చూస్తూనే ఉంది.

బుధవారం సూపర్‌వైజర్ ఫోన్ చేశాడు. జేసీబీ తొట్టిలో నల్లబడిన చిన్న గజ్జె ఒకటి కనిపించిందట. డ్రైవర్ ఆపేసరికే ముందు తవ్విన మట్టి రెండు లారీలు వెళ్లిపోయింది. నార్సింగి వైపు ఎక్కడో పల్లం పూడ్చడానికట. నేనూ యాదమ్మా పోయి వెతికాం. అప్పటికే దాని మీద ఇంకో పాతిక లోడ్లు పడి రోలర్ కూడా తిరిగింది.

"గజ్జె ఎక్కడ దొరికిందండీ?" అని సూపర్‌వైజర్‌ను అడిగాను.

"ఆ రోజు మీరు కూర్చుని ఏదో స్క్రూ తిప్పారు చూడండి, అక్కడేనండి" అన్నాడు.

నమ్మక వెళ్లి చూశాను. గుంట అంచున నా మొదటి వరస మేకు ఇంకా ఉంది. దాన్నుంచి కొలిస్తే సరిగ్గా పది అడుగులు. పైగా అక్కడ మట్టి గీకలేదు, పోశారు. గజ్జె దొరికింది మనిషెత్తుకు మించిన లోతులో. నా బకెట్ మూత అంత లోతున బస్సును పాతిపెట్టినా పట్టలేదు.

వేడికి వచ్చే మోత ఎలా ఉంటుందో నాకు బాగా తెలుసు. నెమ్మదిగా ఒకే వైపు సాగుతుంది, తెగి తెగి రాదు. ఆ సంగతి ఆదివారం కూడా తెలుసు. నా ఒక్కడి చెవి పొరపాటా అంటే, రెండో చెవి యాదమ్మది.

గజ్జెను ఆమె కొంగున ముడి వేసుకుంది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. వారం తర్వాత వంట ముగించి, చేతులు తుడుచుకుని వచ్చి అడిగింది.

"ఆ సప్పుడు ఇంకొక్కసారి ఇనిపియ్యి సార్. గంతే."

నా తెలివంతా ఉపయోగించాను. డాబా మీద ఎండలో పెట్టాను. హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేశాను. బ్యాటరీలు మార్చాను. ఆ గజ్జెనే తీగ ముందు ఊపాను. ఉత్త 'కూ'. స్క్రూను ఎటు తిప్పితే ఆ చప్పుడు పోయిందో అటునుంచి వెంట్రుకవాసి చొప్పున వెనక్కి తెచ్చాను. రాలేదు. యాదమ్మ ఇయర్‌ఫోన్ పెట్టుకుని, తల వంచుకుని రోజూ కాసేపు కూర్చునేది. నెల తిరిగాక అడగడం మానేసింది.

అది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. మా ఆఫీసులో నాకంటే తెలివైనవాళ్లను అడిగాను, వాళ్లూ చెప్పలేకపోయారు. అది తేలకపోయినా నాకు పరవాలేదు. నన్ను తినేస్తున్నది వేరు. ఆ రోజు పన్నెండు దాకా టైముంది. ఒక తల్లి నా చెయ్యి పట్టుకుని ఉండనివ్వమంది. ఉండనిస్తే నాకేం పోయేది?