తలకిందుల ముల్లు

తుపాను హెచ్చరికతో బస్సులు ఆపేసిన రోజది. జ్వరంతో కాలిపోతున్న మా పాపను ఎత్తుకుని బోగోలు రోడ్డు మీద నిలబడి ఉంటే, ఒక పెద్దాయన తన పాత కారు ఆపి, "ఎక్కమ్మా, కావలి ఆసుపత్రి కాడ దించుతా" అన్నాడు.

ముందు సీట్లో కూర్చున్నాక నా చూపు పెట్రోలు మీటరు మీద పడింది. ముల్లు నిండుకు దగ్గరలో ఉంది. "పెట్రోలుకు భయం లేదు కదండీ?" అన్నాను.

"నిండుగా చూపిస్తేనే భయం తల్లీ. ట్యాంకులో పెట్రోలు కొలిచే ఫ్లోటు చెడిపోతే వేరే బండిది వేసినారు. దానికీ ఈ మీటరుకీ కుదర్లా. పెట్రోలు తగ్గేకొద్దీ ముల్లు పైకి లేస్తాది."

ఆ తర్వాత నేను రోడ్డు చూడనే లేదు. పాపకు ఎగశ్వాస వస్తోంది. ముల్లు పైకి పోతోంది. దారిలో బంకు వచ్చింది. తుపాను భయానికి బండ్లు బారులు తీరి ఉన్నాయి. ఆయన పాప వంక ఒకసారి చూసి, ఆగకుండా పోనిచ్చాడు. నా చూపు మళ్ళీ ముల్లు మీదికే పోయింది. ఆయన భుజం మీది తువ్వాలు తీసి మీటరు మీద కప్పాడు.

"దాన్ని చూడబాక. బిడ్డను చూసుకో."

కారు ఆసుపత్రి గేటు దాకా వచ్చింది. నేను లోపలికి పరుగెత్తాను. నర్సు పాపను అందుకుని ఆక్సిజన్ పెట్టాక గాని, ఆయనకు ఒక్క మాటైనా చెప్పలేదని గుర్తు రాలేదు. కిటికీలోంచి చూశాను. జోరువానలో, తెరిచిన తలుపులోంచి స్టీరింగు పట్టుకుని, కారును ఒక్కడే నెట్టుకుంటూ వచ్చిన దారినే పోతున్నాడు. పిలిచాను. గాలి హోరులో వినపడలేదు.

మా పాప బతికింది. ఆయన బంకు చేరాడో లేదో మాత్రం నాకు ఈనాటికీ తెలియదు.